కొంగ కాలెంత? నీటి లోతెంత?

గుడ్డికొంగను మీరంతా చూసే ఉంటారు. మురుగు కాలవ గట్టున, వరిమడి అంచున ముడుచుకుని కూర్చుంటుంది. ఒంటి రంగు బురద రంగు. మనిషి దగ్గరికి వెళ్లినా ఒక పట్టాన కదలదు. దానికి కళ్లు కనపడవేమో అనుకుని మన పెద్దలు గుడ్డికొంగ అని పేరు పెట్టారు. నిజానికి దాని చూపు చాలా చురుకు. కప్పపిల్ల కదిలితే చాలు, టక్కున ముక్కుతో పట్టేస్తుంది. అది లేచి ఎగిరేటప్పుడు చూడండి. అప్పటిదాకా బురద రంగులో ఉన్న పిట్ట ఒక్కసారిగా తెల్లగా అయిపోతుంది! దాని రెక్కలు తెలుపు. ముడుచుకున్నప్పుడు ఆ తెలుపు కనపడదు.

ఒకరోజు సాయంత్రం మా బడి పిల్లాడొకడు గుడ్డికొంగను ఉండేలుతో కొట్టి తెచ్చాడు. వాడు ఆరో తరగతి. పిట్టను కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడేసుకుని వచ్చాడు. నేను మెచ్చుకుంటాననుకున్నాడు పాపం. నాకు కోపం వచ్చింది. బాగా తిట్టాను. జీవహింస మహాపాపం అన్నాను. వాడు నా మొహం వంక చూసి ఒక్క మాట అడిగాడు.

"మరి మీరు చేపలు తినరా టీచర్?"

నా దగ్గర జవాబు లేదు. మాది రేపల్లె. సముద్రానికి దగ్గర. చేప వండని ఇల్లు మా వైపు తక్కువ.

నేను టీచరు ట్రైనింగు చదివాను. మా పక్క ఊరి బడిలో వలంటీరుగా పాఠాలు చెప్తున్నాను. సాయంత్రం పెద్దవాళ్ల చదువుల కేంద్రానికి కూడా వెళ్తాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లాడికి గుడ్డికొంగ పేరు తెలుసు. దాని మాంసం రుచి తెలుసు. ఇంకేమీ తెలియదు. నిజం చెప్పొద్దూ, నాకూ అంతే తెలుసు. అది ఏం తింటుంది, ఎక్కడ నిలబడుతుంది, ఎందుకు అక్కడే నిలబడుతుంది? నాకే తెలియకుండా పిల్లలకేం చెప్తాను?

పాపం, పుణ్యం అని చెప్తే పిల్లలు తల ఊపుతారు. బయటికి వెళ్లి మళ్లీ ఉండేలు పడతారు. చేత్తో చేసిన పనైతే వాళ్లకు గుర్తుంటుంది. అందుకని చేతి పనితోనే మొదలుపెట్టాం.

కొలత పుల్లలు

సరుగుడు పుల్లలు నాలుగు రకాలుగా కోయించాను. ఒకటి బొటనవేలంత. అది నీటి అంచున పరుగెత్తే చిన్న ఉల్లంకి పిట్ట కాలు. రెండోది బెత్తెడు. అది గుడ్డికొంగ కాలు. మూడోది జానెడు. నలుపు తెలుపు రెక్కలతో, సన్నటి ఎర్రకాళ్లతో నిలబడే పెద్ద ఉల్లంకి ఉంటుంది చూశారా, అది దాని కాలు. నాలుగోది మూరెడు. అది రంగుల కొంగ కాలు. ఆ కొంగ ముక్కు పసుపు, మొహం ఎరుపు. తోక దగ్గర గులాబీ రంగు ఈకలుంటాయి. ఈ కొలతలు పక్షుల పుస్తకం చూసి సుమారుగా వేసుకున్నవి. పిల్లలు ఒక్కో పుల్లకు ఒక్కో రంగు పూశారు. పసుపు, కుంకుమ, బొగ్గు, సున్నం. డబ్బు పెట్టి కొన్నది ఏమీ లేదు.

శనివారం పొద్దున్నే ఊరి చివర జమ్ముగుంటకు వెళ్లాం. ఇద్దరు తల్లులు కూడా వచ్చారు. నీళ్ల దగ్గరికి పిల్లలను తీసుకెళ్లేటప్పుడు పెద్దవాళ్లు వెంట ఉండాలి. ఇది మరిచిపోవద్దు.

గుంట అంచు ఏటవాలుగా ఉంటుంది. గట్టు దగ్గర చెమ్మ. ఒక అడుగు వేస్తే వేలు లోతు నీళ్లు. ఇంకో నాలుగడుగులు వేస్తే పాదం మునుగుతుంది. పిల్లలు పుల్లలు గుచ్చుకుంటూ పోయారు. చిన్న పుల్ల ఎక్కడ మునిగిందో అక్కడ ఒక గుర్తు. బెత్తెడు పుల్ల మునిగిన చోట ఇంకో గుర్తు. అట్లా నాలుగు గుర్తులు పెట్టాం. తర్వాత వెనక్కు వచ్చి చెట్టు కింద మాటాపలుకూ లేకుండా కూర్చున్నాం. అరగంటకు పిట్టలు తిరిగి వచ్చాయి.

చూడాలి పిల్లల మొహాలు! చిన్న ఉల్లంకులు మొదటి గుర్తు దగ్గరే తిరుగుతున్నాయి. గుడ్డికొంగ రెండో గుర్తు దాటలేదు. ఎర్రకాళ్ల ఉల్లంకి మూడో గుర్తు దాకా పోయింది. ఆ రోజు రంగుల కొంగ రాలేదు. నాలుగో గుర్తు ఖాళీగా ఉండిపోయింది. దాని అవతల లోతు నీళ్లలో నీటికాకి మునుగుతూ తేలుతూ ఉంది.

పెళ్లి భోజనాల్లో బంతులు వేస్తారు గదా. ఎవరి ఆకు ముందు వాళ్లు కూర్చుంటారు. ఒకరి విస్తట్లో ఇంకొకరు చెయ్యి పెట్టరు. గుంటలో కూడా అంతే. కాలి పొడుగును బట్టి ఎవరి బంతి వాళ్లది. అందుకే ఒకే గుంటలో ఇన్ని రకాల పిట్టలు పెద్దగా పోట్లాడుకోకుండా బతుకుతాయి.

తర్వాతి శనివారం అవే పుల్లలు పట్టుకుని ఒక రొయ్యల చెరువు దగ్గరికి వెళ్లాం. ఎవరూ నీళ్లలోకి దిగలేదు. గట్టు మీద నుంచే పుల్లకు తాడు, రాయి కట్టి దించాం. ఆ గట్టు నిటారుగా ఉంది. అంచు పక్కనే నీళ్లు నడుంలోతు దాటి ఉన్నాయి. వేలంత పుల్ల మునిగింది. బెత్తెడు, జానెడు పుల్లలు మునిగాయి. మూరెడు పుల్లా మునిగింది.

గుడ్డికొంగను కొట్టిన పిల్లాడే అన్నాడు: "ఇక్కడ నీళ్లున్నాయి గానీ నిలబడటానికి చోటు లేదు టీచర్."

నేను పది పాఠాలు చెప్పినా ఆ మాట చెప్పగలిగేదాన్ని కాదు. నీళ్లు ఉంటే పిట్టలు ఉంటాయని మనం అనుకుంటాం. కాదు. కొంగ జాతి పిట్టలకు, ఉల్లంకులకు కావలసింది లోతు లేని నీరు. ఏటవాలు అంచు. బురద. జమ్ము. అట్లాంటి చోటునే చిత్తడి నేల అంటారు. మనం మాత్రం దాన్ని చూసి "పనికిరాని నేల" అంటాం. ముందు తవ్వేదీ అదే, పూడ్చేదీ అదే.

వంటింటి ముక్కులు

కాళ్ల సంగతి అయింది. ఇక ముక్కులు. పిల్లలను ఇళ్ల నుంచి వంట సామాను తెమ్మన్నాను. పట్టకారు, గరిటె, టీ వడపోసే జల్లెడ, దబ్బనం, గుడ్డసంచి తెచ్చారు. ఒక గంగాళంలో బురద నీళ్లు పోశాం. అందులో నత్తగుల్లలు, ఊక, దారపు ముక్కలు, చిన్న చెక్కముక్కలు వేశాం. దారాలు పురుగులన్నమాట. చెక్కముక్కలు చేపలు. ఒక్కొక్కరు ఒక్కో సామానుతో తిండి ఏరుకోవాలి. నూరు లెక్కపెట్టేలోగా ఎవరికెంత దొరికితే అంత.

జల్లెడ పట్టినవాడికి ఊక దొరికింది. నత్తగుల్ల అందలేదు. రాజహంస ముక్కు ఈ జల్లెడ లాంటిదే. ముక్కును తలకిందులుగా నీళ్లలో పెట్టి, నీటిని వడగట్టి సన్న పురుగులను, నాచును తింటుంది. గరిటె ముక్కు తెడ్డుమూతి కొంగది. అది ముక్కును నీళ్లలో అటూ ఇటూ ఆడిస్తుంది. తగిలినదాన్ని పట్టుకుంటుంది. బురదలో గుచ్చి వెదికే దబ్బనం కంకణం పిట్టది. దాని ముక్కు కొడవలిలా వంగి ఉంటుంది.

పట్టకారు నత్తగుల్ల కొంగది. దీని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, పిల్లగా ఉన్నప్పుడు ఆ సందు ఉండదు. పెరిగేకొద్దీ వస్తుంది. ఆ ముక్కుతోనే నత్తను పట్టి, గుల్లలో నుంచి మాంసం లాగేస్తుంది. "మా అమ్మ నత్తగుల్లలు వండేముందు పడే తంటా ఇది చిటికెలో చేస్తది" అంది ఒక పిల్ల. అందరం నవ్వాం.

గుడ్డసంచి గూడబాతుది. దీన్నే ఇంగ్లీషు పేరుతో పెలికాన్ అంటున్నారు. దాని ముక్కు కింద తోలుసంచి ఉంటుంది. చాలామంది అది చేపలు దాచుకునే సంచి అనుకుంటారు. అది సంచి కాదు, వల. నీటితో సహా చేపను పడుతుంది. నీళ్లు కార్చేసి చేపను మింగుతుంది. మన వైపు కనపడే మచ్చల గూడబాతులు ప్రపంచంలో ఎక్కువ దేశాల్లో ఉండవు. మన దేశం, శ్రీలంక, కంబోడియా లాంటి కొద్ది చోట్లే గూళ్లు పెడతాయి.

ఆట అయ్యాక పిల్లలు రేగడి మట్టితో పిట్టలు చేశారు. ముక్కులకు కొబ్బరి ఈనెలు, రెక్కలకు తాటాకు. కొన్ని ఎండి పగిలిపోయాయి. మట్టిలో ఊక కలపమని ఒక కుమ్మరి తాత చెప్పాడు. కలిపాక నిలిచాయి.

తొక్కుడుబిళ్ల దారి

చలికాలంలో మన గుంటల్లోకి పరజలు వస్తాయి. ఇవి చిన్న బాతులు. ఉత్తరాన మంచు కురిసే దేశాల నుంచి వేల మైళ్లు ఎగిరి వస్తాయి. అక్కడ చలికాలంలో నీళ్లు గడ్డకట్టి తిండి దొరకదు. పట్టెతల బాతులైతే హిమాలయాలు దాటి వస్తాయి. 1883లో మొదలైన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు పిట్టల కాళ్లకు నంబరు ఉన్న చిన్న ఉంగరాలు తొడిగి వదులుతారు. ఆ పిట్ట వేరే దేశంలో దొరికితే నంబరును బట్టి దాని దారి తెలుస్తుంది.

ఈ సంగతి పటం మీద చూపిస్తే పిల్లలు ఆవలించారు. అందుకని నేల మీద తొక్కుడుబిళ్ల గళ్లు గీశాం. మొదటి గడి మంగోలియా. తర్వాత టిబెట్టు. తర్వాత ఒడిశాలో చిలికా సరస్సు. ఆ తర్వాత కొల్లేరు. ఆ తర్వాత మన నిజాంపట్నం మడ. చివర పులికాట్. ఇది ఆట కోసం వేసిన దారే. అన్ని పిట్టలూ ఇదే దారిన రావు. ఒంటికాలి మీద గెంతుకుంటూ చివరి దాకా పోవాలి. ఒక్కో ఆట అయ్యాక ఒక గడిని చెరిపేస్తాను. చెరిపిన గడిలో కాలు పెట్టకూడదు.

ఒక గడి చెరిపితే పెద్ద పిల్లలు గెంతారు, చిన్నవాళ్లు పడ్డారు. పక్కపక్కన రెండు గళ్లు చెరిపితే ఎవరూ గెంతలేకపోయారు. మిగిలిన గళ్లు బాగానే ఉన్నాయి. అయినా పిట్ట చేరలేదు. దారి మధ్యలో ఆగి తినడానికి చోటు లేకపోతే అంతే.

కొల్లేరు గడి చెరిపినప్పుడు ఆ కథ చెప్పాను. కొల్లేరు పెద్ద మంచినీటి సరస్సు. 1999లో దాన్ని పక్షుల రక్షణ కేంద్రంగా ప్రకటించారు. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ ఊళ్లో చిత్తడి నేలల మీద దేశాల మధ్య ఒప్పందం జరిగింది. ఆ జాబితాలోకి 2002లో కొల్లేరు చేరింది. కానీ అప్పటికే సరస్సులో చాలాభాగం చేపల చెరువులైపోయింది. 2006లో ప్రభుత్వం ఆ గట్లను పగలగొట్టించింది. బతుకుతెరువు పోయినవాళ్లు ఏడ్చారు. ఆ తర్వాత కొన్నిచోట్ల గట్లు మళ్లీ లేచాయి. ముందే కాపాడుకుని ఉంటే పగలగొట్టే పని ఉండేది కాదు, ఏడ్చే పని ఉండేది కాదు.

మామ్మ చెప్పిన ముగ్గు

చదువుల కేంద్రం అక్కలను ఒక ఆదివారం బడికి పిలిచాను. బడి ముందు పెద్ద ముగ్గు వేయాలి. ఆ ముగ్గు మన ఊరి పటం. అదీ ఇప్పటిది కాదు, మీ పెళ్లి నాటిది అన్నాను. తెల్లపిండితో దారులు, పచ్చపిండితో చేలు, నీలం పిండితో నీళ్లు.

ఒక మామ్మ ఉంది. పోయినేడే సంతకం నేర్చుకుంది. ఆమె కర్ర పట్టుకుని నిలబడి చెప్తుంటే పిల్లలు వేశారు. "ఇక్కడ గేదెలు పొర్లే గుంట. ఇక్కడ తుంగ కోసేవాళ్లం. చాపలు అల్లేవాళ్లం. ఇక్కడ వానాకాలం నీళ్లు నిలిచి, సంక్రాంతికి ఇంకేవి." నీలం పిండి అయిపోయింది. ఇంకో పొట్లం తెచ్చాం.

పక్కనే ఇప్పటి ఊరి ముగ్గు వేశాం. దానికి గుప్పెడు నీలం సరిపోయింది.

ఆ మామ్మ రెండు ముగ్గులూ చాలాసేపు చూసింది. "వాన ఇప్పుడూ కురుస్తంది గదా అమ్మాయ్. ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతన్నయ్యి?" అంది. ఎక్కడికి పోతాయి? కొంత మురుగు కాలవల్లో పొంగుతాయి. కొంత ఇళ్లలోకి వస్తాయి. లోతట్టు గుంట వాన నీటిని పట్టి ఉంచుతుంది. నెమ్మదిగా నేలలోకి దించుతుంది. జమ్ము, తుంగ మురికిని కొంత పీల్చుకుంటాయి. చేపపిల్లలు ఆ జమ్ములోనే దాక్కుని పెరుగుతాయి.

సముద్రం వైపు ఈ పని మడ అడవులు చేస్తాయి. నిజాంపట్నం నుంచి కృష్ణ కలిసే మొగల దాకా ఉప్పునీళ్లలో పెరిగే మడచెట్లను మీరు చూసే ఉంటారు. వాటి వేర్లు బురదను పట్టి ఉంచుతాయి. అలల ఊపును తగ్గిస్తాయి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమలో వేలమంది పోయారు. మన ఒడ్డున కూడా ఆ రాత్రిని మరిచిపోని పెద్దలున్నారు. 1989లో ఈ మడల్లో సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడ కొంగలే కాదు, చేపలు పట్టే బావురు పిల్లులూ ఉన్నాయి.

ఒక తండ్రి కోపం

ఇంతా చేస్తుంటే ఒక రొయ్యల రైతు బడికి వచ్చాడు. వాళ్ల అబ్బాయి మా దగ్గరే చదువుతాడు. "ఏమ్మా టీచరమ్మా! నీటికాకులు నా చెరువు ఊడ్చేస్తన్నయ్యి. కాపలా జీతం ఇస్తన్నా. నువ్వేమో పిల్లలకు పిట్టల పాటలు నేర్పుతున్నావు" అన్నాడు.

ఆయన మాట తీసిపారేసేది కాదు. అప్పు చేసి చెరువు వేసినవాడి బాధ అది. నీటికాకులు చేపలనూ, రొయ్యలనూ తినడం నిజమే. ఆయనను కూర్చోబెట్టి పిల్లల ముందే అడిగాను. "బాబాయ్, పిట్ట రాకుండా ఉంటే చాలా? చావాలా?" ఆయన కాసేపు ఊరుకుని, "రాకపోతే చాలు" అన్నాడు.

ఆ చెరువు మీద సన్న నైలాను దారాలు కట్టి ఉన్నాయి. సన్న దారం పిట్టకు కనపడదు. వచ్చి చిక్కుకుని చస్తుంది. పిల్లలు ఆ దారాలకు మెరిసే రిబ్బన్లు, పాత క్యాసెట్ల టేపులు కట్టారు. గాలికి అవి మెరుస్తాయి, బుర్రుమంటాయి. పిట్టకు దూరం నుంచే కనపడుతుంది. డబ్బాల్లో గులకరాళ్లు వేసి గిలకలు చేశారు. పాత చొక్కాతో దిష్టిబొమ్మ చేశారు. దానికి మా హెడ్మాస్టరు కళ్లజోడు లాంటిది పెట్టారు. అది నేను చూడనట్టే ఊరుకున్నాను. పిట్టలు పూర్తిగా మానలేదు. కొన్నాళ్లకు అలవాటు పడతాయి. బొమ్మను చోటు మారుస్తుండాలి. ఆయన ఇప్పుడు నన్ను చూసి నవ్వడు గానీ, తిట్టడం మానేశాడు.

దారానికి చిక్కిన నీటికాకిని ఒకసారి పిల్లలు తెచ్చారు. చేతులకు పాలిథిన్ సంచులు తొడుక్కుని దారం కోశాం. బతకలేదు. ఒక మాట చెప్తాను. చచ్చిన పిట్టను, జబ్బు పిట్టను పిల్లలు ఒట్టి చేతులతో ముట్టకూడదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది. చాలా పిట్టలు ఒకేచోట చచ్చి కనపడితే పశువుల డాక్టరుకు చెప్పాలి. ఇంకో సంగతి. అడవి పక్షులను చంపడం, గుడ్లు తీయడం 1972 చట్టం ప్రకారం నేరం. ఇది పెద్దవాళ్లకు చెప్పవలసిన మాట.

చూడదగ్గ ఊళ్లు

వీలైతే పిల్లలను ఉప్పలపాడు తీసుకెళ్లండి. గుంటూరు పక్కన, పెదకాకాని మండలంలో ఉంది. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, రంగుల కొంగలు, కంకణాలు గూళ్లు పెడతాయి. ఇళ్ల పక్కనే, మనుషుల మధ్యే! కొంచెం వాసన వస్తుంది, ముందే చెప్తున్నాను. తిరుపతి జిల్లాలో నేలపట్టు ఉంది. 1976లో దాన్ని పక్షుల రక్షణ కేంద్రం చేశారు. చెరువు నీళ్లలో నిలిచే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పిట్టల రెట్ట కలిసిన ఆ చెరువు నీరు చేలకు ఎరువుగా పనికొస్తుందని అక్కడి రైతులు చెప్తారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా వచ్చే పక్షులను ఊరివాళ్లు చుట్టాల్లా చూసుకుంటారు. తమిళనాడులో వేట్టంగుడి అనే ఊళ్లో అయితే పిట్టలు బెదురుతాయని దీపావళికి టపాకాయలే కాల్చరు.

గూళ్ల దగ్గర గోల చేయొద్దు. తల్లి పిట్ట లేచిపోతే గుడ్లు ఎండకు పాడవుతాయి. కాకులు ఎత్తుకుపోతాయి.

మా బడి పిల్లలు ఇప్పుడొక బుర్రకథ తయారు చేస్తున్నారు. బుర్రకథకు పేరు తెచ్చిన నాజర్ గారిది మన గుంటూరు జిల్లా పొన్నెకల్లే గదా! కథకుడు నత్తగుల్ల కొంగ, వంతలు రెండు గుడ్డికొంగలు. హాస్యం చెప్పే వంతపాత్ర ఎవరిదో తెలుసా? ఆ ఉండేలు పిల్లాడిదే. ఉండేలు ఇంకా వాడి జేబులోనే ఉంది. చింతకాయలు కొడుతున్నానంటాడు. నేను జేబు వెదకలేదు.

ఆ జమ్ముగుంటను మట్టితో పూడ్చాలని ఊళ్లో ఒక మాట నడుస్తోంది. మామ్మ చెప్పిన ముగ్గును పిల్లలు పెద్ద కాగితం మీద ఎక్కించారు. గ్రామసభలో ఆ కాగితం పరిచారు. మామ్మ లేచి నిలబడి ఒక్కో గుంట పేరూ చదివింది. తడుముకుంటూనే చదివింది, కానీ తానే చదివింది. పూడ్చాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. పిల్లలు ప్రతి శనివారం పుల్లలు పట్టుకుని వెళ్తున్నారు. మొన్న శనివారం నీళ్లు బెత్తెడు పుల్ల దగ్గరికి తగ్గాయి. గుడ్డికొంగలు ఆరు వచ్చాయని నోటుబుక్కులో రాశారు.